పుట్టగొడుగుల పరీక్ష

మొన్నటి వానకు హైటెక్ సిటీలో మా మేడ ప్రక్కనున్న ఖాళీ స్థలమున పుట్టగొడుగులు మొలచినవి. అత్తగారు కొంగునిండ కోసితెచ్చి, “వెండిచెంచా వేసి ఉడికింతము, నల్లబడకున్న భయము లేదు” అనిరి. మేమాపితిమి.

సోదరీమణులారా! వెండి ఆ విషమును పట్టజాలదు. అమానిటా జాతిలో కొన్నింటి విషము ఉడికించినను పోదు. చాలగంటలు బాధ తెలియనీయక కాలేయమును చెరచును. నేలలోని సీసము వంటి లోహములను సైతము పుట్టగొడుగులు పీల్చుకొనును.

ఈ నగరముననే తార్నాకలోనున్న జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన ఆహారపట్టికలలో పుట్టగొడుగులకును స్థానము కలదు. కావున గుర్తెరుగనివానిని మాత్రము వర్జింపుడు. పెంచినవానిని కొని, జిగురు, దుర్గంధము లేకుండ చూచి, నాడే వండుడు.

“మరి మా అమ్మ పెట్టినవో?” యని అత్తగారు చిన్నబోయిరి.

“ఆ పుట్ట ఆమె యెరిగినది, ఈ నేల మన మెరుగము” అంటిమి.

ఆమె మెల్లగా కొంగు దులిపిరి.