దీపముండగానే...

ఫ్రిజ్ పాడైతే పాలు విరుగుతాయి. టీవీ పాడైతే ఆ వారం సీరియల్ పోతుంది. మిక్సీ పాడైతే అటక మీది రోలు గుర్తొస్తుంది. కంప్యూటర్ పాడైతే ఏం పోతుందో మాత్రం, అది పాడయ్యేదాకా ఎవరికీ తెలీదు. మిగతా వస్తువులు తమ పని తాము చేసి ఊరుకుంటాయి. ఇది దాచిపెడుతుంది కూడా. పిల్లల పుట్టినరోజు ఫొటోలు, పొలం దస్తావేజుల స్కానింగ్, ఇంటిపన్ను రసీదులు, ఎప్పుడో రికార్డు చేసిన తాతయ్య గొంతు... అన్నీ దాని పొట్టలోనే. అందుకే దానికి జ్వరమొస్తే ఇంటిల్లిపాదికీ నిద్ర ఉండదు.

కాకినాడలో ఓ రిటైర్డ్ తెలుగు మాస్టారింట్లో ఆ జ్వరాలు ఆరేళ్లు నడిచాయి. ఆ తర్వాత పదేళ్లపాటు కంప్యూటర్ పేరెత్తి ఎవరూ విసుక్కున్నది లేదు. ఆ ఇంట్లో ఎవరూ ఇంజినీర్లు కారు. పెద్ద ఖర్చూ పెట్టలేదు. మరి ఏం చేశారు?

బొట్టు పెట్టించుకున్న పెట్టె

2003లో వచ్చింది ఆ కంప్యూటర్. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న కొడుకు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో విడిభాగాలు కొని, అక్కడే బిగించి, గౌతమీ ఎక్స్‌ప్రెస్‌లో పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. 40 జీబీ హార్డ్‌డిస్క్, 256 ఎంబీ ర్యామ్, పదిహేనంగుళాల లావుపాటి మానిటర్, విండోస్ ఎక్స్‌పీ. మాస్టారి భార్య పాత చీర అంచుతో ఓ ముసుగు కుట్టింది. దసరాకు మానిటర్ నుదుట కుంకుమబొట్టు పెట్టింది.

మాస్టారికి దానితో పెద్ద పనే ఉంది. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో వచ్చిన మాండలిక వృత్తిపదకోశం, వ్యవసాయ పదాల సంపుటం ఆయనకు ప్రాణం. అది చదివిన నాటి నుంచీ తానూ చుట్టుపక్కల ఊళ్లు తిరిగి మాటలు ఏరుతున్నారు. నాగలికి మేడి, నొగ, కర్రు. గొర్రుకు జడ్డిగం. నీళ్లు తోడే ఏతాం, గూడ. ధాన్యం పోసే గరిసె. ఏ ఊళ్లో దేన్ని ఏమంటారు, ఎవరు చెప్పారు... అన్నీ చీటీల మీద రాసి ట్రంకుపెట్టెలో పడేసేవారు. ఇప్పుడవి టైపు చేయడం మొదలెట్టారు. 2009 నాటికి మూడు వేల ఆరోపాలయ్యాయి. "ఇంకా ఆ చీటీలెందుకు, పాతపేపర్లవాడికి వేసెయ్" అన్నారోసారి. ఆవిడ ఊఁ అంది గానీ వెయ్యలేదు.

కరెంటుతోనే మొదలు

జబ్బుల్లో మొదటిది కరెంటు. పోవడం ఒక బాధ, వచ్చేటప్పుడు ఎగిరెగిరి రావడం ఇంకో బాధ. యూపీఎస్ ఉంది. అయితే మాస్టారు దాన్ని ఇన్వర్టర్ అనుకునేవారు. కరెంటు పోగానే కీచుకీచుమని అది మొత్తుకుంటుంటే, ఈ ఒక్క పేజీ అయిపోనీ అని టైపు చేస్తూ కూర్చునేవారు. పావుగంట కాకముందే టప్పున అంతా ఆగిపోయేది. అది అరిచేది 'రాసింది భద్రపరిచి, పద్ధతిగా ఆపుకో' అని చెప్పడానికి. అందులో ఉండే 12 వోల్టుల బ్యాటరీ మన ఎండలకు రెండు మూడేళ్లలో నీరసించిపోతుంది. ఆ తర్వాత డబ్బా ఉన్నా లేనట్టే. కరెంటు ఉన్నప్పుడు కంప్యూటర్ పని మూసి, గోడ స్విచ్ ఆపి, యూపీఎస్ ఎన్ని నిమిషాలు నిలుస్తుందో ఆరు నెలలకోసారి చూసుకుంటే ఆ సంగతి ముందే తెలుస్తుంది.

క్యాబినెట్ మీద చెయ్యి వేస్తే జివ్వుమనేది. "దీనికి ప్రాణమొచ్చిందేమిటండీ" అని ఆవిడ నవ్వేది. నవ్వే విషయం కాదది. ఎర్తింగ్ సరిగా లేదన్నమాట. మూడు పిన్నుల ప్లగ్గును రెండు కన్నాల బోర్డులో ఎలాగోలా ఇరికించిన ఇళ్లన్నింట్లోనూ ఇదే తంతు. ఎలక్ట్రీషియన్ వచ్చి, పెరట్లో ఉప్పూ బొగ్గూ వేసిన ఎర్త్ గుంట పూర్తిగా ఎండిపోయిందని చెప్పి, వైరు బిగించి, ఎండాకాలంలో నీళ్లు పొయ్యమన్నాడు. తులసికోటకు పోసినప్పుడే దానికీ ఓ చెంబుడు పొయ్యడం ఆవిడకు అలవాటైపోయింది. జివ్వుమనడం ఆగింది.

పిడుగు సంగతి ఇంకోటి. మబ్బు పట్టగానే మాస్టారు కరెంటు ప్లగ్గు పీకేవారు. అయినా 2005 వానాకాలంలో మోడెమ్ మాడిపోయింది. పిడుగుపోటు టెలిఫోన్ తీగ వెంట వచ్చిందట. ఉరిమితే పీకాల్సినవి రెండు తీగలని అప్పుడు తెలిసింది.

దుమ్ము, చీమలు, ఒక రబ్బరు

ఆ వీధి చివర రిపేర్ల షాపు పెట్టుకున్న కుర్రాడు మాస్టారి శిష్యుడే. వ్యాకరణంలో ఎప్పుడూ అత్తెసరు మార్కులే గానీ వాడి చేతిలో మంచితనం ఉంది. కంప్యూటర్ బీప్ బీప్‌మని అరిచి ఊరుకున్న రోజున వచ్చి మూత తీశాడు. లోపల బల్లి గుడ్లు, చీమలబారు, ఫ్యాను రెక్కలకు అంగుళం మందాన దూది. వాడు ర్యామ్ ముక్కను ఊడదీసి, పిల్లల పెన్సిల్ రబ్బరుతో దాని బంగారు రంగు అంచును మెల్లగా రుద్ది, తుడిచి, మళ్లీ పెట్టాడు. కంప్యూటర్ లేచింది.

"ఇంతేనట్రా?"

"ఇంతే మాస్టారూ. సముద్రపు గాలికి ఆ అంచు మీద పొర పడుతుంది. దుమ్ము పేరుకుంటే గాలి ఆడదు, ప్రాసెసర్ వేడెక్కి దానంతటదే ఆగిపోతుంది. మూడు నెలలకోసారి ప్లగ్గు పీకేసి మెత్తటి బ్రష్‌తో దులపండి. ఊదేటప్పుడు ఫ్యాను గిరగిరా తిరక్కుండా వేలితో పట్టుకోండి. తడిగుడ్డ మాత్రం వద్దు."

ఆవిడ పక్కనుంచి అందుకుంది. "దాన్ని గోడకు ఆనించి, మీద ఆ ముసుగు కప్పి మరీ నడుపుతారు బాబూ ఈయన." ఆ రోజు నుంచి నడిచేటప్పుడు ముసుగు తీశారు. గోడకు జానెడు దూరం జరిపారు.

ఇంకోసారి గడియారం వెనక్కి వెళ్లిపోయి పొద్దున్నే పాత సంవత్సరం చూపించడం మొదలెట్టింది. వెబ్‌సైట్లు తెరుచుకోనని మొరాయించాయి. తీరా చూస్తే మదర్‌బోర్డు మీది చిన్న గుండ్రటి సెల్లు అయిపోయింది. సీఆర్ 2032 అంటే ఏ షాపులోనైనా ఇస్తారు. మూడు వోల్టుల ఆ బిళ్ల మార్చగానే కంప్యూటర్‌కి తేదీ తెలిసొచ్చింది.

టిక్కు టిక్కుమన్న రోజు

అసలు దెబ్బ 2009 జూన్‌లో పడింది. కంప్యూటర్ లోపల టిక్కు... టిక్కు... అని చప్పుడు. మాస్టారు ఆపి, వేసి, మళ్లీ ఆపి, వేసి, సాయంత్రం దాకా పోరాడారు. అదే పొరపాటు. హార్డ్‌డిస్క్‌లో పళ్లెం నిమిషానికి వేలసార్లు తిరుగుతుంటే, దానికి తగలకుండా వెంట్రుకలో వెయ్యో వంతు కూడా లేని ఎత్తున ముల్లు తేలుతుంటుంది. అలాంటి చప్పుడు వచ్చాక మళ్లీ మళ్లీ వేస్తే, పాడైన ముల్లు ఉన్న సమాచారాన్నీ గీరేస్తుంది. చప్పుడు వినగానే ఆపేసి తెలిసినవాళ్లకు అప్పగించడమే మందు.

హైదరాబాద్ పంపి, వేలు పోసి తీయిస్తే మూడింట రెండొంతులు వచ్చాయి. మిగతావాటికి ట్రంకుపెట్టె తెరిచారు. చీటీలన్నీ వేపాకు మధ్య చెక్కుచెదరకుండా ఉన్నాయి. మాస్టారు కాసేపు ఏం మాట్లాడలేదు. అయితే చీటీ రాయకుండా ఓ ముసలి పాలికాపును ఎదురుగా కూర్చోబెట్టుకుని నేరుగా టైపు చేసిన రెండొందల మాటలు మాత్రం పోయాయి. మళ్లీ అడుగుదామంటే ఆయన ఆ ముందు సంక్రాంతికే కాలం చేశాడు.

తిరిగొచ్చిన ఫైళ్లలోనూ ఓ తిరకాసు. అవన్నీ అచ్చాఫీసుల్లో వాడే పాత రకం తెలుగు ఫాంట్లలో ఉన్నాయి. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు మాయమై, అర్థంపర్థం లేని గుర్తులు కనిపిస్తాయి. ఫైలు క్షేమమే, చదివే దిక్కు లేదు. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి కూర్పు నుంచే తెలుగు అక్షరాలకు ప్రపంచమంతా ఒకటే సంకేతాలున్నాయి. ఎక్స్‌పీలోనే 'గౌతమి' అనే యూనికోడ్ ఫాంట్ కూడా ఉంది. ఆరేళ్లు పక్కనే ఉన్నా చూసుకోలేదు. మార్పిడి సాఫ్ట్‌వేర్‌తో అన్నీ యూనికోడ్‌లోకి తెచ్చి, తప్పులు దిద్దడానికి ఎనిమిది నెలలు పట్టింది. బీరువాల్లో పాత తెలుగు ఫైళ్లు దాచుకున్నవాళ్లంతా ఓసారి వాటిని తెరిచి చూసుకోవాలి.

పౌర్ణమికో కాపీ

దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్న మాట ఆయన క్లాసులో ఎన్నిసార్లు చెప్పి ఉంటారో! ఇప్పుడు ఇంట్లో అమలైంది. నెలకోసారి కాపీ తీయాలని నిర్ణయించారు. ఏ తేదీనైతే గుర్తుంటుంది? "పౌర్ణమి అయితే నేను గుర్తుచేస్తాను" అంది ఆవిడ. అంతే, ఖాయమైంది.

అమెరికా ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 అనే లెక్క ఒకటుంది. ముఖ్యమైనవి మూడు కాపీలు ఉండాలి. రెండు వేర్వేరు రకాల సాధనాల మీద ఉండాలి. ఒకటి ఇంటి బయట ఉండాలి. మాస్టారింట్లో ఒకటి కంప్యూటర్‌లో, ఒకటి బీరువాలోని విడి హార్డ్‌డిస్క్‌లో. మూడోది డీవీడీల మీద కొడుకింటికి ప్రతి సంక్రాంతికీ అరిసెలతోపాటు వెళ్లేది. డీవీడీలు వేడికీ వెలుతురుకూ పాడవుతాయి కాబట్టి ఏటా కొత్తవి. విడి డిస్క్‌ను కాపీ అవగానే ఊడదీసేవారు. తగిలించి ఉంచితే కంప్యూటర్‌కొచ్చిన రోగం దానికీ వస్తుంది. ఉగాది రోజున కాపీల్లోంచి ఓ పది ఫైళ్లు తెరిచి చూసేవారు. తెరిచి చూడని కాపీ మూత తీయని ఆవకాయ జాడీ లాంటిది, లోపల బూజు పట్టిందో లేదో చెప్పలేం.

పెన్‌డ్రైవ్ విషయంలో ఆవిడ మడి పాటించేది. జిరాక్స్ షాపుకెళ్లి వచ్చినదాన్ని వైరస్ పరీక్ష కాకుండా ముట్టుకోనిచ్చేది కాదు.

తాళం పాడైన తలుపు

2014 ఏప్రిల్ 8తో ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మరమ్మతులు ఆపేసింది. "పనిచేస్తోందిగా, మార్చడమెందుకురా?" అన్నారు మాస్టారు.

"పనిచేస్తుంది మాస్టారూ. తాళం పాడైన తలుపు కూడా మూసుకుంటుంది" అన్నాడు శిష్యుడు. వ్యాకరణంలో వాడికి ఇంకో పది మార్కులు వెయ్యాల్సిందనిపించింది ఆయనకు. కొత్త కంప్యూటర్ కొన్నారు. ఈసారి దొంగకాపీ కాకుండా అసలు విండోస్ వేయించారు. కాపీ విండోస్ ఉన్న ఇళ్లలో ఎక్కడ పట్టుబడతామోనని అప్‌డేట్లు ఆపేసుకుంటారు. దొంగకు భయపడి తలుపు తీసి పడుకున్నట్టే అది.

2017 మేలో వన్నాక్రై విరుచుకుపడింది. నూటయాభైకి పైగా దేశాల్లో ఫైళ్లకు తాళాలేసి డబ్బు అడిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. అది దూరిన కన్నాన్ని పూడ్చే అప్‌డేట్ మార్చిలోనే వచ్చింది. వేసుకున్నవాళ్లకు ఆ దారిన ముప్పు రాలేదు. మాస్టారింట్లో అది వేసి ఉంది.

ఆ ఏడే ఓ మధ్యాహ్నం తెరంతా ఎర్రగా మారి, 'మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది, వెంటనే ఈ నంబరుకు ఫోన్ చెయ్యండి' అని ఇంగ్లీషులో అరిచింది. మాస్టారు ఫోన్ అందుకోబోయారు. "ఆగండి. జబ్బు చేస్తే డాక్టర్ తనంతట తాను ఇంటికొచ్చి తలుపు కొడతాడా?" అంది ఆవిడ. కంప్యూటర్ ఆపి వేస్తే ఎర్రతెర లేదు. ఇప్పుడైతే ఇలాంటివాటికి డబ్బు పోగొట్టుకున్నవాళ్లు ఆలస్యం చెయ్యకుండా 1930కి ఫోన్ చెయ్యొచ్చు.

నలభై పేజీల నోటుబుక్కు

ఇన్నీ గుర్తుండేదెలా? బీరువాలో ఓ నలభై పేజీల నోటుబుక్కు. యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడు మార్చింది, దుమ్ము ఎప్పుడు దులిపింది, కాపీ ఎప్పుడు తీసింది, పాస్‌వర్డ్ ఏమిటి, ఏ ఫోల్డర్‌లో ఏముంది... గుండ్రటి అక్షరాలతో అన్నీ తేదీలవారీగా. చాలా ఇళ్లలో కంప్యూటర్ సంగతులు ఒక్కరి బుర్రలోనే ఉంటాయి. ఆ మనిషి ఊళ్లో లేకపోతే కరెంటు బిల్లు కూడా కట్టలేరు. ఆ మనిషే లేకపోతే?

2019లో మాస్టారు కన్నుమూశారు. పదకోశం ఇంకా అచ్చు కాలేదు. కొడుకు భయపడుతూనే కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. నోటుబుక్కులో చూసి పాస్‌వర్డ్ కొడితే తెరుచుకుంది. మూడు వేల తొమ్మిదొందల ఆరోపాలు అక్షర క్రమంలో ఉన్నాయి. మరుసటేడు పుస్తకమై వచ్చాయి. పోయిన రెండొందల మాటలకు గుర్తుగా ముందుమాటలో ఆ పాలికాపుకు దణ్ణం పెట్టారు.

2025 అక్టోబరు 14న విండోస్ 10కి కూడా గడువు తీరింది. ఆ యంత్రానికి విండోస్ 11 ఎక్కే స్తోమత లేదు. ఫైళ్లన్నీ కొత్తదాంట్లోకి మార్చడానికి మనవరాలు వచ్చింది. కాపీలు ఎప్పటివో చూద్దామని నోటుబుక్కు తెరిచింది. తాతయ్య చేతిరాత 2019తో ఆగిపోయింది. దాని కింద బామ్మ కోడిగీతల్లాంటి అక్షరాలు, ఒక్క నెలా తప్పకుండా, చివరి పేజీ దాకా ఉన్నాయి.

'పౌర్ణమి. కాపీ తీశాను.'