గుమ్మంలో చుట్టం

కుక్కమీద మన తెలుగువాళ్లు చెప్పుకున్నన్ని సామెతలు మరే జంతువుమీదా లేవేమో! తోక వంకరంటాం. అందలమెక్కించినా బుద్ధి మారదంటాం. కాటుకు చెప్పుదెబ్బ అంటాం. వీధిలో జగడం వస్తే ముందుగా నోటికొచ్చేదీ దాని పేరే. ఇంతా తిట్టి, 'విశ్వాసం' అనే మాట వచ్చేసరికి మళ్లీ దాన్నే చూపిస్తాం. పాపం, అది ఈ రెంటినీ పట్టించుకోదు.

మహాప్రస్థానంలో ద్రౌపదీ, నలుగురు తమ్ములూ ఒక్కొక్కరే పడిపోయాక ధర్మరాజుకు తోడుగా మిగిలింది ఒక కుక్క. ఇంద్రుడు రథం తెచ్చి రమ్మంటే, నమ్మి వెంట వచ్చినదాన్ని విడిచి రానన్నాడు ధర్మరాజు. అది యమధర్మరాజేనని తర్వాత తెలిసింది. చిన్నప్పుడు ఈ కథలో ధర్మరాజు గొప్పతనమే నాకు కనబడేది. అందరూ పోయాక మిగిలినవారి పక్కన, ఏమీ అడగకుండా నడవడం కూడా ఎంత గొప్పో మా అమ్మను చూశాక తెలిసింది.

నాన్నగారు పోయాక అమ్మ మాతో పట్నం రానంది. ఊళ్లో అంత ఇంట్లో ఒక్కతే. "ఒక్కదానికి పొయ్యి వెలిగించడమేమిటిరా!" అని ఒక పూట అటుకులతో, ఒక పూట మజ్జిగతో గడిపేసేది. ఫోనులో అడిగితే మాత్రం తిన్నాననే చెప్పేది.

ఆ వానాకాలంలో ఓ ఊరకుక్క మా అరుగుమీదికి చేరింది. అమ్మకు మడీ ఆచారం జాస్తి. కర్ర చూపించింది. అది రెండు మెట్లు దిగి కూర్చుందే గాని, పోలేదు. మూడోనాడు దానికోసం గుప్పెడు బియ్యం పొయ్యిమీద పెట్టింది. గుప్పెడైతే గిన్నె అడుగంటుతుందని మరి రెండు గుప్పెళ్లు వేసింది. ఇంట్లో వండిన అన్నం ఉండగా తానెందుకు పస్తుండాలి? అలా మా అమ్మ మళ్లీ వేళకు అన్నం తినసాగింది. ముగ్గురు పిల్లలం బతిమాలి చేయలేని పని, అది మెట్లమీద కూర్చుని చేసింది!

సాయంత్రాలు అమ్మ దానికి నాన్నగారి కబుర్లు చెప్పేదని పొరుగింటి పిన్నిగారు చెప్పారు. మనమైతే "ఊరుకోమ్మా, ఎవరికైనా తప్పదు" అని మధ్యలోనే ఆపేస్తాం. అది ఆపదు. చెప్పిందే చెప్పినా చెవులు నిక్కించి వింటుంది.

దీనికి శాస్త్రం కూడా సాక్ష్యం పలికింది. కుక్కా, దాన్ని పెంచేవారూ ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకుంటే ఇద్దరిలోనూ ఆక్సిటోసిన్ అనే హార్మోను పెరుగుతుందని 2015లో జపాను శాస్త్రజ్ఞులు ప్రకటించారు. తల్లీబిడ్డల మమకారంలో పనిచేసేదీ అదేనట!

అయితే ప్రేమ ఒక్కటీ చాలదు సుమండీ. రేబిస్ లక్షణాలు బయటపడితే మనిషి బతకడం దాదాపు అసాధ్యం. కనుక అన్నం పెట్టేవారే టీకా కూడా వేయించాలి. ఎవరికైనా పంటిగాటు పడితే 15 నిమిషాలపాటు సబ్బుతో, ధారగా పడే నీళ్లతో కడిగి, వెంటనే ఆస్పత్రికి తీసుకుపోవాలి. పశువుల డాక్టరుచేత టీకా వేయించి, అమ్మ దాని మెడకు ఎర్రతాడు కట్టింది. అది దిక్కులేనిది కాదని నలుగురికీ తెలియాలిగదా!

మీ వీధిలోనూ అటువంటి ఇల్లొకటి ఉండే ఉంటుంది. పిల్లలు దూరాన, పెద్దావిడ ఒక్కతే, గుమ్మంలో ఓ కుక్క. దాన్ని అదిలించబోయే ముందు ఒక్క క్షణం ఆగండి. ఆ ఇంట ఇవాళ పొయ్యి వెలిగింది దానికోసమే కావచ్చు.