మా ట్రక్కులో లస్కరు

సంచికకు వ్యాసం రాయమంటే మన బడిలో చాలామంది పండుగల గురించో, చిన్నప్పటి ఊరి గురించో రాస్తారు. నేను బ్యాటరీ గురించి రాస్తున్నాను. పెద్దలు విసుక్కోకండి, పిల్లలు భయపడకండి. చివర్లో పరీక్షేమీ లేదు!

మాకు 2008 నాటి ఫోర్ వీల్ డ్రైవ్ ట్రక్కు ఒకటుంది. వసంతకాలం సెలవుల్లో కాలిఫోర్నియాలోని మొహావీ ఎడారికి వెళ్ళి, గుడారం వేసుకుని రెండు రాత్రులు ఉండటం మా పిల్లలకు మహా ఇష్టం. అక్కడి మొహావీ రోడ్డు దాదాపు 140 మైళ్ళ మట్టిబాట. చాలా చోట్ల సెల్ ఫోన్ పనిచేయదు. బండి మొరాయిస్తే పిలవడానికి ఎవరూ ఉండరు.

నాన్నగారు ఇండియా నుంచి వచ్చినప్పుడల్లా "మీరు వెళ్ళి రండ్రా, నేను ఇల్లు చూసుకుంటాను" అనేవారు. కారణం ఎడారి కాదు, ఇన్సులిన్. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి, గడ్డకట్టకూడదు. వాడుతున్నదైనా 30 డిగ్రీలు దాటిన వేడిలో పెట్టకూడదని డాక్టరుగారి మాట. బండిలో నడిచే చిన్న ఫ్రిజ్ కొనవచ్చు. కానీ అది రాత్రంతా బ్యాటరీని తాగేస్తే తెల్లారి ఇంజను లేవదు. డెబ్బై దాటిన మనిషిని వెంటబెట్టుకుని అలాంటి చోట చిక్కుకోవడం మాటలా? అందుకని 2023లో ఆయన వచ్చినప్పుడు రెండో బ్యాటరీ పెట్టాలని నిశ్చయించాను.

ఇంజన్ని లేపే బ్యాటరీలో పలుచటి పలకలు చాలా ఉంటాయి. కొన్ని సెకన్లపాటు వందల ఆంపియర్లు ఇవ్వడమే దాని పని. మాటిమాటికీ అడుగంటా ఖాళీ చేస్తే త్వరగా పాడవుతుంది. గంటల తరబడి నిదానంగా ఇచ్చే బ్యాటరీకి మందపాటి పలకలుంటాయి. మా ఫ్రిజ్ సగటున 2 ఆంపియర్లు లాగుతుంది, అంటే 24 గంటలకు 48 ఆంపియర్-గంటలు. బ్యాటరీ ఎక్కువకాలం మన్నాలంటే సగానికి మించి వాడకూడదు కాబట్టి 100 ఆంపియర్-గంటలది తెచ్చాను.

ఒక శనివారం బడి అయ్యాక గరాజ్‌లో పని మొదలుపెట్టాం. నాన్నగారు స్టూలు వేసుకుని కూర్చున్నారు. పదేళ్ళ మా అమ్మాయి టార్చి పట్టుకుంది. ముందు నెగటివ్ తీగ విప్పాం. బండి ఇనుమంతా నెగటివ్‌కే కలిసి ఉంటుంది. పాజిటివ్ ముందు విప్పితే, రెంచి ఎక్కడైనా బండికి తగిలిందా, నిప్పులే! కొత్త బ్యాటరీని వెనక తొట్టిలో బిగించి, అక్కడి నుంచి ముందుకు లావుపాటి తీగ లాగాం. ఆ తీగకు రెండు చివరలా బ్యాటరీలే కాబట్టి రెండు చివరలా ఫ్యూజులు పెట్టాం.

అప్పుడు మా అమ్మాయి అడిగింది, "రెండూ కలిపేస్తే ఫ్రిజ్ రెండిటినీ తాగేస్తుంది కదా?"

మంచి ప్రశ్న. దానికి జవాబు మధ్యలో పెట్టే రిలే అనే నల్ల డబ్బా. ఇంజను నడుస్తుంటే ఆల్టర్నేటర్ వల్ల వోల్టేజీ 14 దాకా పెరుగుతుంది. 13.3 దాటితే రిలే రెండు బ్యాటరీలనూ కలుపుతుంది. ఇంజను ఆపాక 12.8కి దిగితే విడదీస్తుంది. నేను ఇంగ్లీషులో ఇదంతా చెబుతుంటే అమ్మాయి దిక్కులు చూస్తోంది.

నాన్నగారు అందుకున్నారు. "అమ్మలూ, గోదావరి కాలువ మీద మాకు లస్కరు అని ఒకాయన ఉండేవాడు. కాలువ నిండుగా ఉంటే మా పొలాలకు తూము తలుపు ఎత్తేవాడు. మట్టం తగ్గితే దించేసేవాడు. లేకపోతే మా చేలు నిండి, కింది ఊళ్ళు ఎండిపోవూ? దాళ్వా పంటకైతే వంతులవారీగానే నీళ్ళు. ఈ నల్ల డబ్బా మీ లస్కరన్నమాట!"

నాలుగేళ్ళు ఇంజనీరింగ్ చదివినా నాకు ఆ పోలిక ఎప్పుడూ తట్టలేదు. ఆ రోజు నుంచి మా ఇంట్లో రిలే అనే మాట లేదు, లస్కరే.

ఏప్రిల్‌లో నాన్నగారు మాతో ఎడారికి వచ్చారు. రెండో రోజు తెల్లవారి అమ్మాయి మీటరు పెట్టి చూసింది. ఫ్రిజ్ బ్యాటరీ 12.3కి దిగింది, ఇంజను బ్యాటరీ 12.6 దగ్గరే ఉంది. ఇన్సులిన్ చల్లగా ఉంది. తాళం తిప్పగానే ఇంజను లేచింది. "లస్కరు నిద్రపోలేదు" అని నాన్నగారు తృప్తిగా నవ్వారు.

ఒక మాట. ఈమధ్య వస్తున్న చాలా బండ్లలో ఆల్టర్నేటర్ వోల్టేజీని కంప్యూటర్ తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది. వాటికి రిలే చాలదు, డీసీ-డీసీ చార్జర్ కావాలి. లిథియం బ్యాటరీ పెట్టేవారికీ అదే మేలు.

పిల్లలూ, ఈసారి మీ తాతయ్యో అమ్మమ్మో వచ్చినప్పుడు ఇంట్లో ఏదైనా యంత్రం చూపించి, "ఇలాంటి పని మీ ఊళ్ళో ఎవరు చేసేవాళ్ళు?" అని అడగండి. మా అమ్మాయి నోట్‌బుక్కులో ఇప్పుడు తూము, లస్కరు, దాళ్వా ఉన్నాయి. మీ మాటలు వచ్చే ఏడాది సంచికలో చదవాలని ఉంది.