బండ లెక్క తెలిసినవాళ్ళకి బండి లెక్క రాదా?

మీ ఇంట్లో గ్యాసు బండ ఎన్నాళ్ళు వస్తుందో మీకు తెలుసు కదూ? నాకూ తెలుసు. కొత్త బండ పెట్టిన రోజు కేలండరు మీద సున్నా చుట్టి, అయిపోయిన రోజు మళ్ళీ చుడతాను. 14.2 కిలోల బండ మాకు 40 రోజులు. పండక్కి చుట్టాలొస్తే 30. ఒక సంక్రాంతికి 22 రోజులకే అయిపోయింది. అప్పుడు గ్యాసు ఎవరెత్తుకెళ్ళారని మనం అడగం. అరిసెలు ఎన్ని వాయిలు తీశామో, కాళ్ళనొప్పులకి ఎన్ని కాగుల నీళ్ళు కాచామో గుర్తు తెచ్చుకుంటాం, అంతే. మరి కారులో డీజిలు ముందుగా అయిపోతే మాత్రం దొంగ కోసం ఎందుకు వెతుకుతామో! మా ఇంట్లో అలాగే వెతికాం. అందుకే ఇది రాస్తున్నాను.

మాది గంపలగూడెం. 2023లో మిర్చి ధర బాగున్నప్పుడు మావారు పెద్ద కారు కొన్నారు. ఏడుగురు పట్టేది, 2.2 లీటర్ల డీజిలు ఇంజను. కంపెనీ పేరెందుకు లెండి, తప్పు కారుది కాదు. అంతకుముందు చాలా ఏళ్ళు సెకండ్ హాండు మారుతి 800 ఉండేది. (2014లో దాని తయారీ ఆపేశారని విన్నప్పుడు ఇంట్లో మనిషి రిటైరయినట్టే బాధపడ్డాం.) పాపం దాని శక్తి 37 హార్సుపవరే. కొత్తదానికి 150 పైమాటే. బరువు కూడా దానికి దాదాపు మూడింతలు. మా అత్తగారి మోకాళ్ళు చిన్న కారులో ఎక్కనివ్వవు, దిగనివ్వవు. నెలకోసారి ఆవిణ్ణి విజయవాడ ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. పైగా పెద్ద కారంటే మావారికి మోజు, అదీ చెప్పాలిగా. కొన్న చోట "లీటరుకి 16 ఖాయం సార్" అన్నారట. ఆ 16 మా ఇంట్లో శిలాశాసనమై కూర్చుంది.

మావారికి రాత్రిపూట ఎదురు లైట్లు పడవు. అందుకని ఊళ్ళో కుర్రాణ్ణి ఒకణ్ణి డ్రైవరుగా పెట్టుకున్నాం. నన్ను పిన్నిగారూ అనేవాడు. వాళ్ళమ్మ ఏటా మా చేలో మిరపకాయల కోతకి వచ్చేది.

నాలుగైదు నెలలయ్యాక ఒక సాయంత్రం మావారు బంకు చీటీలన్నీ ముందేసుకుని కూడారు. లీటరుకి 10 కూడా తేలలేదు. నెలకి వెయ్యి కిలోమీటర్లు తిరుగుతామనుకోండి, 16 వస్తే 62 లీటర్లు సరిపోవాలి. మాకు వందకి పైగా పడుతోంది. అంటే నెలకి 40 లీటర్లు, దాదాపు 4 వేల రూపాయలు ఎటు పోతున్నట్టు? అరుగు మీద నలుగురు కూర్చుని ఉండగానే "డబ్బాల్లో పట్టి అమ్ముకుంటున్నావట్రా?" అనేశారు. ఆ పిల్లాడు ఏదో చెప్పబోయాడు. ఈయన విననిస్తేగా! తాళం చెవి అరుగు మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఆ నెల పని చేసిన 12 రోజుల జీతం మావారు ఇవ్వలేదు. నేనూ ఇవ్వమనలేదు. దాచడం దేనికి, నాకూ లోపల అనుమానమే.

ఆ ఏడు వాళ్ళమ్మ కోతకి రాలేదు.

తరవాత మావారే పగటిపూట మాత్రం తోలుకోవడం మొదలుపెట్టారు. చొక్కాలు నానబెట్టే ముందు జేబులు చూసేది నేనే కదా. బంకు చీటీలు అంతకు ముందు ఎన్ని వచ్చేవో ఇప్పుడూ అన్నే వస్తున్నాయి! నా గుండె గుభేలుమంది. ఆయనతో ఏమీ అనకుండా పాల లెక్క పుస్తకంలో వెనక పేజీ తీశాను.

లెక్క బండ లెక్క లాంటిదే. బంకులో పైపు తనంతట తాను టక్కున ఆగేదాకా ట్యాంకు నింపించాలి. మీటరు మీద అంకె రాసుకోవాలి. మళ్ళీ నింపించినప్పుడు కూడా అలా ఆగేదాకానే. వీలైతే అదే బంకులో, అదే పైపు దగ్గర. తిరిగిన కిలోమీటర్లని రెండోసారి పట్టిన లీటర్లతో భాగిస్తే సరి. కారులో తెర మీద కనిపించే మైలేజీ చూసి మురిసిపోకండి. మాది ఎప్పుడూ ఒకటిన్నర ఎక్కువే చూపిస్తుంది.

మొదటి లెక్క: 412 కిలోమీటర్లు, 43 లీటర్లు. అంటే 9.6. తోలిందెవరు? మావారు. తాళం ఉన్నదెక్కడ? నా బీరువాలో. మరి దొంగ ఎవరండీ?

ఆ 412 కిలోమీటర్లూ ఎలా తిరిగామో కూడా రాశాను. చేనుకి మూడు కిలోమీటర్లు, మళ్ళీ ఇంటికి. తిరువూరు బజారు. నెమలి వేణుగోపాలస్వామి గుడి. అత్తగారు దర్శనం చేసుకుని వచ్చేదాకా ఈయన ఏసీ వేసుకుని, ఇంజను ఆపకుండా కారులో కూర్చుంటారు. అలా నిలబడి ఉన్నా గంటకి అర లీటరు నుంచి లీటరు దాకా తాగుతుందట. గుప్పెడు బియ్యానికి గుండిగ పొయ్యి మీద పెడితే ఏమవుతుంది? అన్నం ఉడికేలోపు సగం మంట గుండిగ వేడెక్కడానికే పోతుంది. మూడు కిలోమీటర్లకి అంత ఇంజను వేడెక్కించడమూ అంతే.

ఇంజనీరింగు చదివిన మా అక్క కొడుకు ఇంకో సంగతి చెప్పాడు. 2020 ఏప్రిల్ నుంచి అమ్మే బీఎస్6 డీజిలు కార్లకి పొగ పోయే దారిలో మసి పట్టే జల్లెడ ఉంటుందట. అది బాగా వేడెక్కితేనే మసి కాలుతుంది. దగ్గర దూరాలే తిప్పుతుంటే కాలక పేరుకుపోతుంది. అప్పుడు దాన్ని కాల్చడానికి ఇంజను అదనంగా డీజిలు పోసుకుంటుంది. 16 అన్నది అబద్ధమా అని అడిగాను. కాదు పిన్నీ అన్నాడు. పూణెలో ఏఆర్ఏఐ అనే సంస్థ ఉంది. అలాంటి చోట కారుని రోలర్ల మీద నిలబెట్టి, ఒక పద్ధతి ప్రకారం 20 నిమిషాలు నడిపి కొలుస్తారు. 90 కిలోమీటర్ల వేగం దాటదు, ఏసీ వెయ్యరు. అన్ని కార్లకీ ఒకటే కొలబద్ద, ఈ కారూ ఆ కారూ పోల్చుకోవడానికి. అందులో మా అత్తగారు లేరు, గుడి ముందు అరగంటా లేదు.

2024 వేసవిలో హైదరాబాదులో పెళ్ళికి వెళ్ళాం. ఏడుగురం, పైన క్యారియరు కట్టి దాని మీద మామిడిపళ్ళ పెట్టెలు. నందిగామ దగ్గర పెద్ద రోడ్డెక్కాక మావారి కాలు ఆగలేదు, 110. చేరాక నింపిస్తే 268 కిలోమీటర్లకి 23.5 లీటర్లు, అంటే 11.4. తిరిగొచ్చేటప్పుడు బతిమాలాను, ఈ ఒక్కసారికి నా మాట వినండి అని. పెట్టెలు లేవు, క్యారియరు విప్పించాం. ఇద్దరు అక్కడే ఉండిపోయారు. వేగం 80, 85. దారంతా లారీలు కూడా దాటిపోతుంటే ఈయన మొహం చూడాలి! 265 కిలోమీటర్లకి 17.2 లీటర్లు. 15.4 వచ్చింది. చూశారా, అదే కారు, అదే మనిషి. వేగం రెట్టింపైతే గాలి నాలుగింతల బలంతో అడ్డుకుంటుందట. పైన పెట్టెలుంటే ఇక చెప్పాలా?

మధ్యలో ఇంకో తెలివి కూడా చూపించాం. మాకు తెలంగాణ సరిహద్దు దగ్గర. ఆ రోజుల్లో అటువైపు డీజిలు లీటరుకి రెండు రూపాయలకి కాస్త తక్కువ తేడాతో చవక. పోయి 45 లీటర్లు పోయించుకొచ్చాం. మిగిలింది 90 రూపాయల లోపు. రానూపోనూ 40 కిలోమీటర్లకి అయింది 350! అటు పనుండి వెళ్తే సరే, డీజిలు కోసమే వెళ్తే నవ్వులపాలు.

హైదరాబాదు నుంచి వచ్చిన రాత్రి పాల పుస్తకం మావారి ముందు పెట్టాను. చాలాసేపు చూశారు. "సరే, ఆ 12 రోజుల డబ్బులు ఎవరిచేతైనా పంపిద్దాం" అన్నారు. నేను ఒప్పుకోలేదు. "అన్నది నలుగురిలో. ఒప్పుకోవడం మాత్రం చాటుగానా?" అన్నాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు తనే కబురు పెట్టారు.

వాడొచ్చాడు. అప్పటికి తిరువూరులో ఒక కాలేజీ బస్సు తోలుతున్నాడు. అరుగు మీద పాతవాళ్ళలో ముగ్గురున్నారు. మావారు డబ్బులు చేతిలో పెట్టి "నేను తొందరపడ్డాను, నువ్వు తియ్యలేదు" అన్నారు. గట్టిగానే అన్నారు. నేను గుమ్మంలోంచి విన్నాను. వాడు నోట్లు లెక్కపెట్టుకుని జేబులో పెట్టుకున్నాడు. మళ్ళీ పనిలోకి రమ్మంటే రానన్నాడు. "గుళ్ళ దగ్గర ఇంజను ఆపమని రెండుసార్లు చెప్పానండీ బాబాయిగారూ" అని మాత్రం అన్నాడు.

నేనిచ్చిన మంచినీళ్ళు తాగి వెళ్తూ వెళ్తూ కారు దగ్గర ఆగాడు. వంగి, ముందు టైర్లు రెండూ బొటనవేలితో నొక్కి చూశాడు. "పిన్నిగారూ, గాలి తక్కువుంది. కొట్టించమనండి" అన్నాడు.

మర్నాడు చూపిస్తే 32 ఉండాల్సిన చోట 26 ఉంది.