తోలుకోటు కొఱకు ఆంబూరునకు

జాకెట్టనిన మన యిండ్లలో రవికె యని యర్థము. కావున, మఱిదికి జాకెట్టు కొనుటకై యూరికి పోవుచున్నామని మేము చెప్పగా శాంతిపురమున మా యిరుగుపొరుగువారు కొంగు నోటికడ్డము పెట్టుకొని నవ్విరి. తోలుతో కుట్టిన పైకోటని వివరించిన పిమ్మట నమ్మిరి గాని, “మనకు తోలుకోటెందులకమ్మా! ఇది యేమి కాశ్మీరదేశమా?” యని మఱల నవ్విరి.

శాంతిపురము పలమనేరునుండి కుప్పమునకు పోవు దారిలో నున్నది. ఆంధ్రదేశమునకు దక్షిణపు కొస యిది. ఒకవైపు కన్నడసీమ, మఱియొకవైపు తమిళసీమ. సంతలో బేరమాడునప్పుడు ఒక్క నిమిషములో మూడు భాషలు వినవచ్చును. ఎత్తయిన నేల యగుటచే మార్గశిర పుష్యమాసములలో ఇచ్చటి తెల్లవారుజాము మంచుతో నిండియుండును. ఈ ప్రాంతపు యువకులు పలువురు ప్రతిదినము కుప్పమున రైలెక్కి బెంగుళూరునకు పనికి పోయి రాత్రికి తిరిగివచ్చెదరు. మా మఱిదియు అట్టివాడే. కోడి కూయకమునుపే మోటారుసైకిలుపై కుప్పము స్టేషనునకు పోవలయును. ఆ వేళ ఎదురుగాలి రొమ్మునకు సూదులవలె తగులును. తోలుకోటు అతనికి వేడుక కాదు, అవసరము.

రెండేండ్ల క్రిందట అతడొక పట్టణపు అంగడిలో తోలని చెప్పగా నమ్మి యొక కోటు కొనెను. చూపునకు నల్లగా నిగనిగలాడినది. రెండవ చలికాలము రాగానే మోచేతులయొద్ద బల్లికుబుసమువలె పొరలు లేచినవి. గోటితో గీకగా క్రింద గుడ్డ బయటపడినది. తోలుకాదు, గుడ్డమీద పూసిన పూత. మా అత్తగారు దానిని చేతబట్టుకొని, “ఈమారు పట్టుగూళ్ళ సొమ్ము నేనిచ్చెదను. నేనును వచ్చెదను. బొమ్మను చూచి కాదు, తోలును చూచి కొనవలెను” అనిరి. ఇరువది నాలుగు గంటలు పురుగులకు మల్బరియాకు వేసి, నిద్ర మాని సంపాదించిన సొమ్మది. ఆ మాటకు ఎదురు చెప్పువారెవరు?

కుప్పమున రైలెక్కితిమి. మల్లనూరు, పచ్చూరు దాటగానే కొండలనడుమ బండి దిగుచు పోవును. జోలారుపేట చేరునప్పటికి చల్లదనమంతయు ఆవిరియై శాలువలు మడిచి సంచిలో పెట్టుకొంటిమి. అక్కడినుండి వాణియంబాడి, దానితరువాత ఆంబూరు. ఈ రెండూళ్ళును తోళ్ళ వ్యాపారమునకు ప్రసిద్ధములు. బండి కిటికీలోనుండి పాలారు కనబడినది. ఏఱనుట పేరునకే, వెడల్పయిన యిసుకబయలు, అక్కడక్కడ తుమ్మపొదలు. నందికొండలలో పుట్టి కన్నడసీమను, మన కుప్పపుసీమను దాటి వచ్చిన పాలారే యిది. “మన యేఱే!” యని అత్తగారు చుట్టమును చూచినట్లు లేచి నిలుచుండి చూచిరి.

ఆంబూరున పాదరక్షల అంగళ్ళే హెచ్చు. కోటులు కొన్నింటనే దొరకును. మేము ప్రవేశించిన అంగడివాడు ముదుసలి సాయెబు. తమిళము, ఉరుదు, తెలుగు మూడును కలిపి మాటాడువాడు. అమ్మవలెనను ఆత్రము లేక మొదట మమ్ము కూర్చుండబెట్టి, నాలుగు తోలుముక్కలు చేతికిచ్చెను. గొఱ్ఱెతోలు వెన్నవలె మెత్తనిది, తేలికయైనది. కాని గీతకు, లాగుడునకు త్వరగా లొంగును. మేకతోలు సన్నని గరుకు గలిగి పలుచనయ్యు గట్టిది. ఆవుతోలు దళసరి, బరువు. ఎనుముతోలు అంతకంటె ముతక. “అమ్మా, కోటు ఏ తీరుదని అడుగుటకు ముందు ఏ తోలని అడుగుడు” అని యాతడనగా, అత్తగారు మా వైపు తిరిగి తల యూచిరి.

నిజమైన తోలును గుర్తించు విధమునుగూడ నాతడే చూపెను. అంచు తెగినచోట చూడవలెను. తోలైనచో నార చిక్కుపడినట్లుండును. పూతయైనచో గుడ్డయల్లిక కనబడును. వ్రేలితో నొక్కినచో తోలు సన్నని ముడుతలు పడి, వ్రేలు తీయగానే సర్దుకొనును. రోమకూపములు ఒకచోట దగ్గఱగ, ఒకచోట దూరముగ నుండును. అచ్చు గుద్దినట్లు అన్నియు సమానముగ నున్నచో సందేహింపవలెను.

తరువాత తీరులు చూచితిమి. మొదటిది మోటారుసైకిలు తీరు. వెడల్పయిన మడతకాలరు, రొమ్ముమీద ఏటవాలుగా పోవు జిప్పు, నడుమునకు బెల్టు. 1928లో న్యూయార్కున ఇర్వింగు షాట్ అనునతడు వాహనచోదకులకై దీనిని కుట్టించెను. ముందునకు వంగినప్పుడు జిప్పు కడుపునకు గుచ్చుకొనకుండుటకే ఆ యేటవాలు. 1953లో మార్లన్ బ్రాండో ‘ది వైల్డ్ వన్’ అను చలనచిత్రమున ఇట్టి కోటును ధరించిన పిమ్మట ఇది యువకుల వేడుకయైనది. మా మఱిది కన్ను దీనిమీదనే పడినది. రెండవది బాంబరు. 1931లో అమెరికా సైన్యము తన విమానచోదకులకు ఏ-2 అను పేర నియమించిన కోటు ఈ తీరుదే. మణికట్టునను నడుమునను అల్లిన ఉన్నిపట్టీలుండును. గాలి చొరదు గాని ఆ పట్టీలు తోలుకంటె ముందుగా మాసి చిరుగును. మూడవది కేఫ్ రేసరు. ఇంగ్లాండున 1950, 1960ల నడుమ కాఫీశాలలయొద్ద చేరి మోటారుసైకిళ్ళ పందెములాడిన యువకులవలన ఆ పేరు. మడతలేని చిన్న నిలువుకాలరు, నడిమి జిప్పు, హంగులు తక్కువ. నాలుగవది గుండీలుగల బ్లేజరు. పెండ్లికి, కచేరికి తగును, ఎదురుగాలికి తగదు. స్వేడు అను నూగుతోలు కోటు కంటికింపైనదే, కాని ఒక్క వానకు మచ్చలు పడును.

మఱిది మొదటిదానిని తొడిగి నిలువుటద్దము ముందు అటునిటు తిరిగెను. నిజమునకు చక్కగనే యుండెను. అత్తగారు ముక్కాలిపీట చూపి, “అబ్బాయీ, బండిమీదవలె దీనిమీద కూర్చుండి చేతులు చాపుము” అనిరి. అతడు కూర్చుండెను. చేతులు ముందునకు చాపగా గాలికి అడ్డుగా నది బాగుగనే యున్నది. “ఇప్పుడు రైలులో నిలుచున్నట్లు చేయి పైకెత్తుము” అనిరి. ఎత్తగా కోటంతయు పైకి లేచి నడుము బయటపడెను. బెల్టుకొక్కెము ప్రక్కవాని చొక్కాకు తగులుకొనునట్లుండెను. రైలులో గుంపున ఒక్కొక్కమారు మూడుగంటలు నిలువవలసినవాడు! అతడే నవ్వి విడిచివేసెను. అప్పుడు మేకతోలుతో కుట్టిన నిలువుకాలరు కోటు తొడిగించిరి. భుజపుకుట్టు సరిగ భుజపుటెముకపై నిలిచెను. చేయి మణికట్టువఱకు వచ్చెను. లోన ఉన్ని చొక్కాకు చోటుండెను. తోలుమీద సూది పడిన రంధ్రము మఱి పూడదు గనుక భుజము సరిపోని కోటును తరువాత సవరింపవచ్చునని కొనరాదు.

ఇంకొక్క సంగతి సాయెబు దాచక చెప్పెను. ఇట్టి కోటు చలికే గాని పడిపోయినప్పుడు ఎముకలను కాపాడదు. దానికి ఒక మిల్లీమీటరునకు మించిన దళసరి తోలును, భుజములందు మోచేతులందు గట్టి దిండ్లును గల ప్రత్యేకమైన కోటు కావలెను. కోటు కొంటిమని వేగము పెంచరాదని మఱిదికి అక్కడనే చెప్పితిమి.

బేరము ముగిసిన పిమ్మట అత్తగారు పాలారును గూర్చి యడిగిరి. పూర్వము తోళ్ళను తంగేడుచెక్కతోను కరక్కాయలతోను పదును చేయుచుండిరి. మా యూరి గుట్టలమీది తంగేడే! ఇప్పుడు కోటులకు కావలసిన మెత్తదనము క్రోమియపు లవణములచే వచ్చుచున్నది. ఆ నీరు శుద్ధి కాకయే యేటిలో కలియుటచే బావులు చెడి పొలములు చవిటినేలలైనవని వేలూరు పౌరుల సంఘము 1991లో సర్వోన్నత న్యాయస్థానమునకు మొఱపెట్టుకొనెను. 1996 ఆగష్టు 28వ తేదీన తీర్పు వచ్చెను. సుమారు 35,000 హెక్టారుల సాగునేల కొంతగనో పూర్తిగనో పాడైనదనియు, ఒక కిలోగ్రాము తోలునకు సుమారు 35 లీటర్ల నీరు పట్టుననియు అందు వ్రాయబడినది. శుద్ధిసాధనములు లేని కార్ఖానాలు మూయవలెనని ఆజ్ఞయైనది. అత్తగారు వ్రేళ్ళమీద లెక్కించి, “కోటు రెండు కిలోలైనచో డెబ్బది లీటర్లు. ఒక పాడియావు ఒకనాడు త్రాగు నీరు” అనిరి. కొంతసేపు ఎవ్వరును మాటాడలేదు. తుదకు సాయెబు, “అందుకే అమ్మా, ఒక్కటి కొని యిరువదియేండ్లు తొడిగించుడు” అనెను.

తిరుగుప్రయాణమున కొండలెక్కగానే చలి మొదలైనది. మఱిది కోటు తొడిగి కిటికీయొద్ద కూర్చుండెను. అతని ముఖమున అద్దములో చూచుకొన్న మొదటికోటును గూర్చిన చింత కొంచెము మిగిలియున్నట్లు మాకు తోచినది. కాని మఱునాడు తెల్లవారుజామున బండి తీయుచు, “వదినా, గాలి తగులుట లేదు” అని కేక వేసి పోయెను.

సోదరీమణులారా, మీ యింటను తోలుకోటుండినచో వెడల్పుభుజముల కొయ్యకు తగిలింపుడు; ప్లాస్టికుసంచిలో మూయకుడు, బూజు పట్టును. తడిసినచో పొడిగుడ్డతో నద్ది నీడన ఆరనిండు. ఎండయు ఇస్త్రీయు దానికి శత్రువులు. కొనుటకు వెడలినప్పుడు మాత్రము తొడుగువానిని వెంట గొనిపోయి, ఒక ముక్కాలిపీటమీద కూర్చుండబెట్టుడు. అద్దము చెప్పనిది ఆ పీట చెప్పును.