బలానికి తెచ్చిన సీసాలు

మన తెలుగువాళ్ళలో ఒక మంచి గుణం ఉంది. ఎవరికైనా జబ్బు చేసిందని తెలిస్తే వట్టి చేతుల్తో చూడబోము. వెనకటి రోజుల్లో బత్తాయిలో, గ్లూకోజు డబ్బావో, కొబ్బరిబోండాలో పట్టుకెళ్ళేవాళ్ళం. ఇప్పుడు మాదాపూరు, కొండాపూరు మేడల్లో పలకరింపుకి వచ్చేవాళ్ళ చేతుల్లో సీసాలు కనబడుతున్నాయి. సీసామీద ద్రాక్షగుత్తో, దానిమ్మగింజలో బొమ్మ. లోపల విటమిన్ సి, విటమిన్ ఇ, పసుపు సారం, గ్రీన్ టీ సారం వగైరా మాత్రలు. వీటన్నిటికీ కలిపి యాంటీ ఆక్సిడెంట్లని పేరు. "బలానికి మంచిదమ్మా, ఎలాగూ హాని లేదు" అంటూ బల్లమీద పెట్టి వెళతారు.

ఆ "ఎలాగూ హాని లేదు" అన్న మాట గురించే నా ఈ నాలుగు ముక్కలూ.

మా మేనకోడలు సైబర్ టవర్సు దగ్గర ఒక కంపెనీలో పని చేస్తుంది. వయస్సు నలభై రెండు. క్రిందటేడు రొమ్ములో గడ్డ కనబడింది. క్యాన్సరన్నారు. ఆపరేషనైంది. మూడు వారాలకోసారి కీమో, ఆ తరవాత రేడియేషన్. రెండో కీమో నాటికి భోజనాలబల్లమీద ఏడు సీసాలు చేరాయి. అందులో మూడు అమెరికానుంచి వాళ్ళ ఆడపడుచు పనిగట్టుకుని మోసుకొచ్చినవి.

"ఇంకేమైనా మందులు వాడుతున్నారా?" అని డాక్టరుగారు అడిగితే, మా పిల్ల లేదనే చెప్పింది. అబద్ధమాడాలని కాదు. ఆ సీసాల్లో ఉన్నవి మందులని దానికి తోచలేదు. నర్సమ్మ "విటమిన్లు గాని, పసుపు మాత్రలు గాని?" అని మళ్ళీ అడిగినప్పుడు సంగతి బయటపడింది. "వచ్చేటప్పుడు అన్నీ ఒక సంచిలో వేసుకు రండమ్మా" అన్నారు.

సంగతేమిటంటే, రేడియేషన్ కిరణాలు కణంలోని నీటిని తాకి ఫ్రీ రాడికల్స్ అనేవాటిని పుట్టిస్తాయి. అవి క్యాన్సరు కణపు డి.ఎన్.ఏ.ను ముక్కలు చేస్తాయి. డాక్సోరుబిసిన్ అనే ఎర్రటి కీమో మందు చేసే పనిలోనూ కొంత భాగం ఇదే. ఆ రాడికల్సుని చల్లార్చటమే యాంటీ ఆక్సిడెంటు ఉద్యోగం. మంచి కణాన్ని కాపాడే మాత్ర పక్కనున్న చెడ్డ కణాన్ని కాపాడదని నమ్మకమేమిటి? చేలో కలుపుకి నిప్పు పెట్టి, వెనకనుంచి మనమే నీళ్ళు చల్లినట్టవుతుంది.

ఇది వట్టి ఊహేనా అంటే, కొంత ఆధారమూ ఉంది. అమెరికాలో 1,134 మంది రొమ్ము క్యాన్సరు రోగులను పరిశీలించి 2019లో ఫలితాలు ప్రకటించారు. కీమోకి ముందూ, కీమో నడిచేటప్పుడూ యాంటీ ఆక్సిడెంటు మాత్రలు మింగినవాళ్ళలో జబ్బు తిరగబెట్టే అవకాశం 40 శాతం దాకా ఎక్కువగా కనబడింది. అయితే అలా వాడినవాళ్ళు కొద్దిమందే. కాకతాళీయం కావచ్చునన్న అనుమానం పూర్తిగా తీరలేదు. బి 12 మాత్రలతో మాత్రం తేడా ఇంకా స్పష్టంగా కనబడింది. మామూలు మల్టీవిటమిన్‌తో అలాంటిదేమీ కనబడలేదు. శాకాహారుల ఇళ్ళల్లో బి 12 లోటు మామూలే కనక, రక్తపరీక్ష చూసి అది కావాలో వద్దో చెప్పవలసింది డాక్టరే గాని పక్కింటి పిన్నిగారు కాదు.

విటమినంటే నిరపాయమనే భ్రమను తొలగించిన కథలో మన తెలుగువాడే ఉన్నాడు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ సంస్థలో ఉండగా, ఆయన బృందం ఫోలిక్ ఆమ్లమనే బి విటమినును తయారుచేసింది. బోస్టనులో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు రక్త క్యాన్సరు పిల్లలకు ఆ జాతి పదార్థాలిచ్చి చూస్తే, జబ్బు తగ్గకపోగా ఉధృతమైనట్టు కనబడింది. అయితే ఆ విటమినును అడ్డగించే మందు కావాలన్నమాట! సుబ్బారావుగారి బృందమే అమినోప్టెరిన్ చేసి ఇచ్చింది. కొందరు పిల్లలు తాత్కాలికంగానైనా తేరుకున్నారని 1948లో ప్రకటించారు. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్ తరవాతి కాలంలో రొమ్ము క్యాన్సరుకి కూడా మందైంది.

సరే, సంచి వెళ్ళింది. డాక్టరుగారు తాము రాసిన కాల్షియం, విటమిన్ డి మాత్రం ఉంచి, తక్కిన ఐదూ చికిత్స పూర్తయ్యేదాకా ముట్టవద్దన్నారు. "రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే" అన్న సామెత ఇక్కడ కుదరలేదు. ఆడపడుచు మొహం చిన్నబోయింది. "నేనేమైనా విషం తెచ్చానా, వదినా?" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పాపం, అంత దూరంనుంచి ప్రేమతో తెచ్చిన మనిషి!

మా పిల్ల బాధ వేరు. ఆ రాత్రి నాతో అంది: "అత్తా, సూది ఎవరో గుచ్చుతారు, కిరణాలు ఎవరో పెడతారు. నా అంతట నేను చేసుకుంటున్నది ఆ మాత్రలు మింగటమొక్కటే. అదీ వద్దంటే నేనిక చేసేదేముంది?"

ఆ ప్రశ్నకి డాక్టరుగారి దగ్గర మంచి జవాబే ఉంది. రోజూ కాస్త నడవమన్నారు. కీమోవల్ల వచ్చే నీరసానికి నడక పనిచేస్తుందని రుజువైంది. ఓపికున్న రోజుల్లో కొండాపూరు బొటానికల్ గార్డెన్లో వదినా ఆడపడుచులు చెయ్యీ చెయ్యీ పట్టుకుని నడిచేవారు. తిండికి ఆంక్ష లేదు. పప్పులో చిటికెడు పసుపు మందు గాదు; వంద గ్రాముల జామపండులో విటమిన్ సి సుమారు 200 మిల్లీగ్రాములుంటుంది. వెయ్యి మిల్లీగ్రాముల మాత్ర దారి వేరు. పళ్ళు మట్టుకు శుభ్రంగా కడిగి తినాలి.

ఇప్పుడు రేడియేషన్ కూడా పూర్తయింది. మాత్రల సంగతి మళ్ళీ డాక్టరునే అడుగుతానంటోంది. కనక, చూడబోయే అక్కయ్యలారా, సీసా కొనే ముందు ఒక్క ప్రశ్న వెయ్యండి: "మీ డాక్టరుకి చూపించారా?" చూపించకపోతే సీసా కొట్లోనే ఉండనివ్వండి. ఒక పూట వంట చేసిపెట్టి, పిల్లల చేత హోంవర్కు చేయించి రండి. ఆ ఇల్లాలికి అంతకన్న సాయం మరొకటి ఉండదు.