నాంపల్లి నుమాయిష్‌కి పోయాము

మొన్న జనవరిలో మమ్మల్ని హైదరాబాదు తీసుకెళ్లారు కదా. ఆబిడ్స్‌లో బస్సు దిగి నాంపల్లి ఎగ్జిబిషన్‌కి నడిచాం. జెయింట్ వీల్ సంగతి అందరూ చెప్పేశారు, నేను చెప్పను.

ఈ నుమాయిష్‌ని 1938లో ఉస్మానియాలో చదివినవాళ్లు పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలుపెట్టారంట. ఎందుకో తెలుసా? హైదరాబాదు రాజ్యంలో ఆర్థిక సర్వే చేయడానికి డబ్బులు కావాలని! 1946లో నాంపల్లికి మార్చారు. వచ్చే ఆదాయంతో ఎగ్జిబిషన్ సొసైటీవాళ్లు కాలేజీలు నడుపుతారు. నాంపల్లిలోనే సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయ ఉంది, అంతా ఆడపిల్లలే. సారు చూపిస్తే గేటు దగ్గరే నిలబడిపోయాను.

మా అక్క ఏడులోనే బడి మానేసింది. అయ్యకు సంతకం రాదు. నాకు పది అయిపోతే పెళ్లి అంటున్నాడు.

టికెట్ ముక్క పారేయలేదు, లెక్కల పుస్తకంలో పెట్టాను. సెలవుల్లో అయ్యకు చూపించి ఆ కాలేజీ సంగతి చెప్తా.